పువ్వొక చోట, కూలి లెక్కొక చోట

మన సంఘములలో కంప్యూటరు మీద డిజైను వేయించుట వాడుకలోకి వచ్చినది. మంచిదే. పడుగు ఎక్కించక ముందే చీర ఎట్లుండునో చూడవచ్చును. అయితే ఆ తెర చూపునది బొమ్మను మాత్రమే. నూలు లెక్క ఇంకొక ప్రోగ్రాములో, రంగుల పాళ్లు అద్దకమువారి పుస్తకములో, కూలి మా గుమాస్తా కాగితములో ఉన్నవి. ఒకటి మారిన సంగతి తక్కినవాటికి తెలియదు.

240 హుక్కుల జాకార్డు అనుకొందము. అంగుళమునకు 80 పోగులైన పువ్వు 3 అంగుళముల వెడల్పు వచ్చును. చెన్నై వర్తకుడు బట్ట చిక్కగా, 96 పోగులతో కావలెననును. పువ్వు రెండున్నర అంగుళములకు కుంచించుకొనును. పేక పాత లెక్కనే కొట్టినచో గుండ్రని తామర కోడిగుడ్డగును. పేకను కూడా 96 చేసినచో గుండ్రముగనే ఉండును గాని చిన్నదగును. పాత కొలతే కావలెనన్న 288 హుక్కులుండవలెను.

ఇంతవరకు తెర చెప్పగలదు. తరువాతి సంగతియే మనది. 48 అంగుళముల పన్నాకు 3,840 పోగుల చోట 4,608 పోగులు. అదనపు 768 పోగులకు, 60 గజముల పడుగైనచో, చిలపకు 840 గజముల చొప్పున సుమారు 55 చిలపలు. అచ్చు అతుకు పని పెరిగెను. గజమునకు 576 పేకలు ఎక్కువ కొట్టవలెను. కూలి మాత్రము పాత గజము రేటేనా?

పెద్ద కర్మాగారములవారికిని ఇట్టి చిక్కే కలదు. యంత్రముల నడకను ముందుగా చూపు ప్రోగ్రాము ఒకటి, సరుకు ఎక్కడ ఆగునో చూపునది మరొకటి. ఇట్టివి లెక్కలు మార్చుకొనుటకు అమెరికాలో 2010లో ఉమ్మడి ప్రమాణము వెలువడినది. చేతిమగ్గముల ప్రోగ్రాములు చేయువారు 1997 నాటికే ‘విఫ్’ అను ఉమ్మడి ఫైలును కుదుర్చుకొనిరి. పడుగు, పేక, కట్టు, రంగు అందులో ఇముడును. అది తొక్కుడు మగ్గములకు, డాబీలకు తగినది. జాకార్డుకు చాలదు, కూలికి చోటే లేదు.

చెన్నైలోని వీవర్స్ సర్వీసు సెంటరు డిజైను, అద్దకము, నేత మూడును చూచు సంస్థ. ఈ లెక్కలను ఒకే ఫైలులో కలుపు పని అక్కడనే మొదలు కావలెనని మా అభిప్రాయము. 1730లలో నేతగాండ్ర కొరకే చింతాద్రిపేట వెలసిన నగరమిది. సలహా చెప్పగల మనవారికి కొదువ లేదు. అంతవరకు, తన ఫైలును తాను తప్ప మరొకటి తెరువలేని ప్రోగ్రామును, అమ్మువారు ఎంత మెరిపించి చూపినను, సంఘములు కొనరాదు.

ప్రతి సంఘమును తాను వాడు ప్రోగ్రాముల పేర్లు, జాకార్డు హుక్కుల లెక్క, రకమువారీ గజము కూలి రేట్లు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. కూలి రేట్లు మాత్రము నేయువారినే అడిగి వ్రాయవలెను.