స్లైడు పట్నం పోయింది, రిపోర్టు ఊరికి రాలే

నేను ఉండేది నార్సింగిలో, ఒక లేడీస్ హాస్టల్లో. నా రూమ్మేట్ హెల్త్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తది. మొన్న ల్యాప్‌టాప్ నా దిక్కు తిప్పింది. స్క్రీన్ నిండా గర్భాశయ ముఖద్వారం కణాలు, నీలం, గులాబీ రంగుల్లో. "అక్కా, స్కానర్ స్లైడును ఫోటో తీస్తది. అనుమానం ఉన్న కణాలను ఏఐ ఏరి ముందు పెడ్తది. డాక్టర్ ఎక్కడున్నా చూసి రిపోర్టు ఇయ్యొచ్చు. మీ ఏజెన్సీకి చాలా మంచిది" అన్నది.

నిజమే, మంచిదే. 2024లో అమెరికా ఎఫ్‌డీఏ హోలోజిక్ కంపెనీ వాళ్ల ఇలాంటి వ్యవస్థకు అనుమతి కూడా ఇచ్చింది. కానీ నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

మా ఊర్లో క్యాంపు పెట్టి చిన్నమ్మ దగ్గర శాంపిల్ తీసుకున్నరు. స్లైడు పట్నం పోయింది. రిపోర్టు మాత్రం ఊరికి రాలే. మూడుసార్లు అడిగింది, ఇక అడగడం మానేసింది. రక్తస్రావం మొదలై మళ్లీ చూపించుకునేసరికి జబ్బు ముదిరింది. ఇప్పుడు రేడియేషన్ కోసం మూడొందల కిలోమీటర్లు తిరుగుతున్నది. క్యాన్సర్‌గా మారకముందే పట్టుకుంటే చిన్న చికిత్సతో పోయే జబ్బు ఇది!

ఆ స్లైడును ఎంత గొప్ప స్కానర్ చూసినా చిన్నమ్మకు ఒరిగేదేంది? యంత్రం శాంపిల్ తీయదు. గుట్ట ఎక్కి రిపోర్టు చెప్పదు. కాల్పోస్కోపీకి బస్సు ఛార్జీ ఇయ్యదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్క చూడండి: దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నది 1.9 శాతమే. నూటికి 98 మంది స్లైడు దాకానే రాలేదు. మరి ఎవరి కోసం ఈ తొందర?

ఇంకో గాయం కూడా ఉంది. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో, మా భద్రాచలం సహా, దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినయి. ఆ టీకా కూడా ఈ క్యాన్సర్‌ను ఆపడానికే. హాస్టల్ పిల్లల సమ్మతి పత్రాల మీద ఎంతోచోట్ల వార్డెన్లు సంతకం పెట్టిన్రు. అమ్మానాన్నలకు తెలియదు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. చనిపోయిన పిల్లల చావుకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. కానీ అడగకుండా మా బిడ్డల ఒంటి మీద చెయ్యేయడం మాత్రం నిజం.

ఇప్పుడు ఒంటి మీద సూది కాదు, ఒంటి ఫోటో. ఏఐకి నేర్పాలంటే వేల స్లైడ్లు కావాలి. 2023 డేటా రక్షణ చట్టం సమ్మతి అడగాలంటది, సరే. ఏ భాషలో? ఇంగ్లీషు, లేదంటే ఎనిమిదో షెడ్యూల్ భాషలు. కోయ, గోండి, కోలామి ఆ షెడ్యూల్‌లోనే లేవు. అంటే వార్డెన్ సంతకం పోయి, ఫోన్‌లో వేలిముద్ర వస్తదన్నమాట.

మన సంఘాల్లో కొందరు "అసలు ఏ పరీక్షా వద్దు" అంటున్నరు. అన్నలారా, మీ కోపం నాకు అర్థమైతది. కానీ వద్దంటే చచ్చేది మన చిన్నమ్మలే, కంపెనీలు కాదు. వద్దనడం కాదు, మన షరతు మీద తెమ్మనాలె.

మన షరతులు ఇవి. స్కానర్ ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఆసుపత్రుల్లో పెట్టండి, నార్సింగి అద్దాల మేడల్లో కాదు. రిపోర్టుకు గడువు పెట్టండి, అది ఆ మనిషి చేతికి, ఆమె భాషలో చేరాలె. తేడా ఉంటే చికిత్స, దారి ఖర్చు ప్రభుత్వానిదే. పరీక్షకు సమ్మతి వేరు, ఏఐకి సమ్మతి వేరు. రెండోది వద్దన్న ఆడమనిషికి మొదటిది ఆగొద్దు.

ఈ నాలుగు కాగితం మీద రాసి ఐటీడీఏ ముందు పెడదాం. మీ ఊర్లో శాంపిల్ ఇచ్చి రిపోర్టు రాని అక్కలెంతమందో ముందు లెక్క తీయండి. ఆ లెక్కతోనే పోదాం.

జోహార్!