క్లౌడు దాస్యము

రద్దీ పెరిగినప్పుడు తానే పెరిగి, తగ్గినప్పుడు తానే తగ్గు అప్లికేషనును ఎక్కడ, ఎట్లు నెలకొల్పవలయునను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినదని మన పట్టణములందలి విద్యావంతులు పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు హానికరము. పరీక్షాఫలితములు, రైలు టిక్కెట్లు, టీకా నమోదు, తుదకు దేవుని దర్శనముగూడ నేడట్టి అప్లికేషనుల ద్వారముననే జనులకు లభించుచున్నవి. ఆ ద్వారము ఎవరి స్థలమున నున్నది, దాని తాళపుచెవి ఎవరి మొలలో నున్నది యని పౌరుడెల్ల నడుగవలసియున్నది.

క్లౌడును విడనాడుడని మేము చెప్పుటలేదు. 2021వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీని 18 ఏండ్లు నిండినవారికి టీకా నమోదు తెరచినప్పుడు కోవిన్ ద్వారముపై నిమిషమునకు 27 లక్షల అభ్యర్థనలు వచ్చిపడినవి. ఆ యొక్కదినమున కోటికి మించి జనులు పేర్లు నమోదు గావించుకొనిరి. అట్టి దినమునకు సరిపడు యంత్రములను కొని, తక్కిన కాలమంతయు వానిని ఊరక నుంచుట, పండ్రెండు దినముల పుష్కరములకై గోదావరి గట్టున లక్ష గదుల సత్రమును శాశ్వతముగా గట్టించుట వంటిది. రద్దీనాటికి యంత్రముల నద్దెకు దెచ్చి, రద్దీ తీరగనే తిరిగి యిచ్చివేయుట వివేకము. దీనినే ఆటోస్కేలింగు అందురు. మా పోరు అద్దెతో గాదు; అద్దెకుండువాడు ఇల్లు విడువరాకుండ వాని సామానును గోడలలో బెట్టి ఇటుకలతో గట్టివేయు ఏర్పాటుతో.

అప్లికేషనును నిలుపుటకు నేడు ముఖ్యముగా మూడు త్రోవలు గలవు. వర్చువల్ మెషీనులను అద్దెకు గొని, వాని సంఖ్యను పెంచుచు దించుచు నుండుట మొదటిది. అప్లికేషనును దానికి వలయు సామగ్రితోగూడ కంటైనరు అను పెట్టెలో బిగించి, ఆ పెట్టెలను కుబర్నెటీస్ వంటి మేస్త్రీకి అప్పగించుట రెండవది. పని పెరిగినకొలది మేస్త్రీయే పెట్టెలను పెంచును. సర్వరుల మాటయే తలపెట్టక, కోడును చిన్నచిన్న ఫంక్షనులుగా వ్రాసి కంపెనీ చేతికిచ్చి వేయుట మూడవది. పిలిచినవా రున్నప్పుడే యది నడచును, నడచినంతమట్టుకే బిల్లు పడును. 2014లో అమెజాన్ వారు ప్రకటించిన లాంబ్డా ఈ జాతిలోనిది. సలహాదారులలో పెక్కుమంది నేడు ఈ మూడవదానినే మోక్షమార్గముగా బోధించుచున్నారు.

దానియందు సౌకర్యము లేదనము. దినమునకు పదిమంది వచ్చిపోవు చిన్న పనికి అంత చౌక మఱియొకటి లేదు. లాంబ్డా ఫంక్షను ఒకమారు 15 నిమిషములకు మించి నడువరాదు. ఒక ఖాతాకు ఒక ప్రాంతమున ఏకకాలమున 1,000 నడచుటకే తొలుత అనుమతి, ఆపైని అర్జీ పెట్టుకొనవలయును. ఇవి యోర్చుకొనదగిన కష్టములే. అసలు కష్టమేమనగా ఫంక్షను ఒంటరిగా బ్రదుకజాలదు. దానిని మేల్కొలుపు సంకేతములు, అది వ్రాసికొను డేటాబేసు, అది పని నప్పగించు క్యూ, లోనికి వచ్చువాని నానవాలు పట్టు కాపలా, సర్వమును ఆ కంపెనీవే వాడుట పరిపాటి. రెండేండ్లు గడచునప్పటికి కోడంతయు ఆ కంపెనీ పరిభాషతో నల్లుకొనిపోవును. విడిపింపబూనిన తిరిగి వ్రాయుటయే శరణ్యము. కొత్త సంస్థలకు వేలకొలది డాలర్ల ఉచిత క్రెడిట్లు పంచిపెట్టుట యేల యని యెవరైన నాలోచించిరా? కుంఫిణీవారు ఉత్తర సర్కారులందలి నేతవారికి ముందుగా బయానా లిచ్చి, నేసిన గుడ్డను మఱియొకరి కమ్మగూడదని కట్టడి చేసిన కథను మనము ఇంత త్వరగా మఱచితిమా?

సరకును అమ్మువారి యింటి సంగతి చూతము. 2023లో అమెజాన్ వారి ప్రైమ్ వీడియో శాఖ, ప్రసారముల నాణ్యమును కనిపెట్టు తన ఏర్పాటును ఫంక్షనుల పద్ధతినుండి మామూలు కంటైనరులపైకి మార్చి, యంత్రముల వ్యయము 90 శాతము తగ్గినదని తానే ప్రకటించినది. ఎల్ల పనులకు నిట్లే యగునని మే మనము. ఎడతెగక సాగు పనికి పిలుపునకింత యను కూలి తగదని మాత్రము దీనివలన స్పష్టము.

వ్యయము మాట యట్లుండ, తాళపుచెవి మాట వినుడు. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ వారు నయారా ఎనర్జీపై ఆంక్షలు విధించిరి. గుజరాతున వాడినార్ రిఫైనరీని నడుపు సంస్థ యిది. రష్యావారి రాస్‌నెఫ్ట్‌కు ఇందు వాటా గలదు. వెనువెంటనే మైక్రోసాఫ్టు వారు ఆ సంస్థకు తమ సేవలను నిలిపివేసిరి. సొమ్ము పూర్తిగా చెల్లించి కొన్న లైసెన్సులని నయారా వారు మొఱవెట్టిరి. ఢిల్లీ హైకోర్టు గడప ద్రొక్కిరి. కొలది దినములలో సేవలు పునరుద్ధరింపబడెను. రష్యావారి వాటా మంచిదా చెడ్డదా యనునది వేఱు విచారము. భారతభూమిపై భారతశాసనమునకు లోబడి నడచు సంస్థ పని, మన పార్లమెంటు చేయని యుత్తరువువలన నొక్కరాత్రిలో స్తంభించెను. 2022 నవంబరులో అమెజాన్ వారి క్లౌడు ప్రాంతము హైదరాబాదున తెరువబడగా, ఇక సమాచారము మన యింటనే యున్నదని సంతసించినవారు గలరు. నేల మనది, విద్యుత్తు మనది. కాని 2018 నాటి అమెరికా క్లౌడ్ శాసనము చొప్పున, ఆ దేశపు అధికారమునకు లోబడిన కంపెనీ తన వశమందలి సమాచారమును, అది యే దేశమున దాచబడినను, అక్కడి న్యాయస్థానపు టుత్తరువుపై చూపవలసినదే.

బయటపడుదమన్న సుంకమొకటి. క్లౌడులోనికి సమాచారమును పంపుటకు కాసైన నడుగరు. వెలికి దీయునప్పుడు గిగాబైటుకింత యని లెక్క గట్టుదురు. యూరపు వారు 2023లో డేటా శాసనమును గావించి, 2027 జనవరి 12 మొదలు, కంపెనీ మారువారినుండి ఇట్టి సుంకమును గొనరాదని కట్టడి చేసిరి. శాసనము వచ్చుచున్నదను జాడ తెలియగనే 2024 మొదటి మాసములలో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్టు వారలు పూర్తిగా విడిచిపోవువారికి ఆ సుంకమును మాఫీ చేసిరి. శాసనమునకు ఇంతటి శక్తి గలదు. మన 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ శాసనమున క్లౌడు మారువాని హక్కును గూర్చి యొక్క ముక్కయు లేదు.

కావున ఏ త్రోవ నెన్నుకొనవలయును? రెండవదానినే మేము సమర్థించుచున్నాము. కుబర్నెటీస్ గూడ విదేశీయమేగదా యని కొందరు పరిహసింతురు. గూగుల్ వారు 2014లో దాని కోడును బహిరంగముగా విడుదల చేసిరి. ఎవరైనను దెచ్చుకొని తమ యంత్రములపై నడుపుకొనవచ్చును. ఎవరి యుత్తరువుతోను అది ఆగదు. స్వదేశిత్వమునకు పుట్టుకకంటె ఈ గుణమే ముఖ్యము. దానిని నడుపుటకు శిక్షణ గలవారు వలయుననుట నిజమే. ఇద్దరు ముగ్గురు మాత్రమే పనిచేయు చిన్న సంస్థలు ఆ బరువు నెత్తికెత్తుకొన బనిలేదు; కంటైనరును మాత్రము తమదిగా నుంచుకొని, దానిని నడుపు సాదా సేవను ఎవరివద్దనైన గొనవచ్చును. పెద్ద సంస్థలకు సంవత్సరమంతయు నుండు రద్దీకి స్వంత యంత్రములో, 2014లో నెలకొల్పబడిన ప్రభుత్వపు మేఘరాజ్ క్లౌడో, స్వదేశ కంపెనీల యంత్రములో చాలును. ఉప్పెనకు మాత్రమే అద్దె.

ఉప్పెన విషయమున మఱియొక భ్రమ గలదు. తిరుమల 300 రూపాయల దర్శనపు టిక్కెట్లు నిర్ణీత దినమున, నిర్ణీత ఘడియకు విడుదల యగును. లక్షలమంది వ్రేలు బొత్తాముపై నుంచి కాచుకొనియుందురు. కుబర్నెటీస్ సామాన్యముగా 15 సెకండ్ల కొకసారి రద్దీని గొలుచును. అది గొలిచి, కొత్త యంత్రమును దెప్పించి, నిలబెట్టుసరికి నిమిషములు గడచును, టిక్కెట్లును తీరిపోవును. వేళ తెలిసిన రద్దీకి అరగంట ముందుగానే యంత్రములను నిలుపవలయును. జనులను వరుసలో నిలుపు క్యూ వలయును. అన్నిటికంటె ముందు డేటాబేసు సంగతి చూడవలయును. వడ్డించువారు వందమంది యైనను గాడిపొయ్యి యొక్కటే యైనచో పంక్తి కదలదు.

ప్రభుత్వములవారిని మేము కోరునది యిది. ప్రజాసేవకై చేయించు ప్రతి అప్లికేషనును, కాంట్రాక్టరు మఱియొక కంపెనీ యంత్రములపైని, వేఱొక నగరమున, అధికారుల యెదుట నిలబెట్టి నడిపి చూపునంతవఱకు తుది బిల్లు చెల్లింపరాదని టెండరునందు షరతు వ్రాయుడు. ఏటేట ఒకమారు ఆ పరీక్షను మరల జరిపి, ఎన్ని గంటలు పట్టినదో జనులకు ప్రకటింపుడు. పార్లమెంటునందలి మన ప్రతినిధులు, విడిచిపోవు సుంకమును రద్దుచేయు శాసనమును రాబోవు సమావేశములందే ప్రతిపాదింతురుగాక.