వెలుగుకీ సెట్‌బ్యాక్ కావాలి!



గల్ఫ్‌లో నాలుగు డబ్బులు వెనకేసుకున్న మనవాళ్ళు సొంతూరికి ఏదైనా చెయ్యాలనుకుంటే ముందు గుర్తొచ్చేవి మూడే: గుడి, బడి, హైమాస్ట్ లైటు. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదానితోనూ, ఫంక్షన్ హాళ్ళు, అపార్టుమెంట్లు, పెట్రోలు బంకులు పోటీపడి బిగిస్తున్న ఫ్లడ్‌లైట్లతోనూ ఉంది. తిట్టదలుచుకున్నవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి.

"కరెంటు కోతల్లో కిరసనాయిలు బుడ్డి దగ్గర చదువుకున్నవాళ్ళం, ఇప్పుడు వెలుగొద్దంటావా?" అని అడుగుతారు. నేనూ ఆ బుడ్డి దగ్గర చదివినవాణ్ణే. వెలుగొద్దనడం లేదు. పడాల్సిన చోట పడాలంటున్నాను. రెండూ ఒకటి కాదు.

ఇల్లు కట్టేవాణ్ణి మున్సిపాలిటీ ఎన్ని అడుగుతుంది! 2012లో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన జీవో 168నే చూడండి. రోడ్డు వెడల్పుని బట్టి ఎత్తు, స్థలాన్ని బట్టి సెట్‌బ్యాక్, పార్కింగ్‌కి ఇంత... ఎందుకివన్నీ? పక్కవాడికి గాలీ వెల్తురూ అందాలని. మరి ఆ పక్కవాడి పడగ్గదిలోకి తెల్లవార్లూ ఫ్లడ్‌లైటు కొడితే? గోడకి హద్దు పెట్టినవాళ్ళం వెలుగుకి పెట్టలేమా?

అసలేమీ లేదనను. 2007లో కేంద్రం తెచ్చిన ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్‌ని ఉమ్మడి రాష్ట్రం 2014 జనవరిలో పెద్ద వాణిజ్య భవనాలకి వర్తింపజేసింది. బయటి లైట్లు పగలు వాటంతటవే ఆరిపోవాలంది, వాట్లకి పరిమితి పెట్టింది. మంచిదే. కానీ దాని లెక్కంతా కరెంటు బిల్లు లెక్క. ఎల్ఈడీ వచ్చాక బిల్లు తగ్గింది, ఒకటి పెట్టేచోట నాలుగు పెడుతున్నాం!

నేనుండే ముఐథర్‌లో చూస్తున్నదీ ఇదే. అన్నీ విల్లాలు, ఎత్తయిన ప్రహరీలు, ప్రతి ప్రహరీ మీదా లైట్లు. ఎదురింటి ఫ్లడ్‌లైటు తిన్నగా మా గదిలోకే. కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి పడుకుంటున్నాం. నాకైతే ఆఫీసు ఏడింటికి. తెల్లవారుజామున నాలుగింటికే సైటు బస్సెక్కే మన కరీంనగర్, నిజామాబాద్ అన్నల సంగతేంటి? నిద్ర చాలక పరంజా ఎక్కినవాడికి కాలు జారితే ఎవరిది పూచీ?

ఖతర్‌కి 2008 నాటి 26వ నంబరు చట్టం ఉంది, 2015లో సవరించారు. పగలు 7 నుంచి సాయంత్రం 4:30 దాకా ఆరుబయట లైట్లు వెలిగితే 10 వేల రియాళ్ళ జరిమానా. అదీ పగటి వృథా గురించే. రాత్రి వెలుగు దారి గురించి కాదు.

ఇది అయ్యే పని కాదంటారా? అమెరికాలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే చిన్న ఊరు 1958లోనే ప్రకటనల సెర్చ్‌లైట్లని నిషేధించింది, పక్కనున్న అబ్జర్వేటరీ కోసం. మనకీ ఉంది జపాల్-రంగాపూర్, ఉస్మానియా వారి 48 అంగుళాల టెలిస్కోపుతో. హైదరాబాదు వెలుగు దాని ఆకాశాన్ని మింగుతుంటే అడిగిన నాయకుడు ఎవరు? ఫ్రాన్స్‌లో 2013 జూలై నుంచి భవనాల ముందువైపు అలంకార దీపాలు రాత్రి ఒంటిగంటకల్లా ఆరాలి. మనకి విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగున్న వైపే నడుస్తాయి. సముద్రం వైపు పోవాల్సినవి హోటళ్ళ వైపు తిరుగుతాయి.

"మరి ఆడపిల్లల భద్రత?" సరైన ప్రశ్న. అందుకే చెబుతున్నా. కళ్ళలోకి కొట్టే లైటు వెనక మనిషి నిలబడ్డా కనపడడు. ఆకాశంలోకి పోయే వెలుగుని డొప్పతో కిందకి మళ్ళిస్తే అంతే కరెంటుతో దారి ఇంకా బాగా కనపడుతుంది. భద్రత కావాలన్నవాళ్ళే ముందు దీన్ని అడగాలి.

సాఫ్ట్‌వేర్‌లో స్పెసిఫికేషన్ లేకుండా టెస్టింగ్ లేదు. మున్సిపాలిటీలోనూ అంతే. కాబట్టి మన ఫోరం రెండు రాష్ట్రాల మున్సిపల్ మంత్రులకీ ఇచ్చే వినతిపత్రంలో ఈ నాలుగూ చేర్చాలి:

1. ప్లానుతోపాటు ఆరుబయట లైట్ల ప్లాను కూడా ఇవ్వాలి. దీపం పైకీ పక్కకీ కొట్టకుండా డొప్ప ఉండాలి.
2. ప్రహరీ దగ్గర పక్కవాడి వైపు పడే వెలుగుకి లక్స్‌లో పరిమితి, మీటరు పెట్టి కొలిచే అధికారి.
3. రంగు 3000 కెల్విన్ దాటకూడదు. తెల్లటి, నీలి వెలుగే ఆకాశంలో ఎక్కువ చెదురుతుంది.
4. వ్యాపారం మూసేశాక అలంకార దీపాలు ఆర్పాలి, కాపలా లైట్లు తగ్గించాలి.

ఇక చందాలిచ్చే పెద్దలకి ఒక్క మాట. ఊరికి లైటు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. ఇచ్చేముందు ఆ స్తంభం పక్క ఇంట్లో ముసలమ్మ ఏ గదిలో పడుకుంటుందో ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి. మన పేరున్న శిలాఫలకం పగలు కనపడితే చాలు.