గసగసాలు కూడా నేరమేనా!
మొన్న వేసవి సెలవులకి దుబాయ్ చూడ్డానికి వెళ్తూ పెట్టె సర్దుతున్నాను. పిల్లలు బయటి తిండి తినరని పచ్చళ్లు, పొడులు, కుర్మాలోకి మసాలా పొడి పెట్టాను. అక్కడే ఉండే మా తోటికోడలు ఫోన్ చేసి, "అక్కా, మసాలాలో గసగసాలు వేశావా? వేస్తే తీసెయ్" అంది. నవ్వేశాను.

నవ్వాల్సిన విషయం కాదట. గసగసాలంటే నల్లమందు మొక్క గింజలే కదా! యూఏఈలో, సింగపూర్‌లో వాటిని తీసుకెళ్లడం నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందుకైనా యూఏఈలో ముందే అనుమతి తీసుకోవాలి. 'మాకు తెలియదండీ' అంటే వినరు.

టికెట్లు, వీసాలు మావారు చూసుకున్నారు. పెట్టె సర్దింది నేను, దాని ట్యాగ్ కూడా నా పేరు మీదే. పట్టుబడితే నిలబడేదెవరు? అందుకే ఆ దేశం రూల్స్ చదవాల్సింది పెట్టె సర్దే మనమే అంటాను. మగవాళ్లు చదివి చెప్తారని కూర్చుంటే అయినట్టే!

ఎదురింటి పిన్నిగారు వాళ్లబ్బాయికిమ్మని గట్టిగా ప్యాక్ చేసిన పొట్లం ఇచ్చారు. విప్పి చూస్తానంటే ముఖం మాడ్చుకున్నారు. లోపల సున్నుండలే ఉన్నాయి, పాపం. మళ్లీ ఇచ్చినా మళ్లీ విప్పుతాను.