ఏడో తరానికి ఆహ్వానం, రెండో తరానికి నోటీసు

2025 జూలై మొదటివారంలో ప్రధాని నరేంద్ర మోదీ ట్రినిడాడ్ అండ్ టొబాగోలో పర్యటించారు. అక్కడి భారత సంతతి ప్రజలకు ఆరో తరం వరకూ ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించారు. ఆ దేశ ప్రధాని కమలా పర్సాద్ బిసెసర్ పూర్వికులది బిహార్‌లోని బక్సర్ ప్రాంతమని సభాముఖంగా గుర్తు చేశారు. సరిగ్గా అదే వారంలో, బక్సర్‌తో సహా బిహార్ అంతటా ఎన్నికల సంఘం సిబ్బంది ఇంటింటికీ ఫారాలు పంచుతున్నారు. 2003 ఓటర్ల జాబితాలో పేరు లేనివారు తమ పుట్టుకకు ఆధారం చూపాలి. 1987 జూలై 1 తరువాత పుట్టినవారు తల్లిదండ్రులలో ఒకరి ఆధారాన్ని, 2004 డిసెంబరు 2 తరువాత పుట్టినవారు ఇద్దరి ఆధారాలనూ కూడా జతచేయాలి.

ఒకే జిల్లా నుంచి విడిపోయిన రెండు శాఖలివి. సముద్రం దాటిన శాఖకు ప్రభుత్వం స్వాగతం పలుకుతోంది. ఊరు విడవని శాఖను నీ తండ్రి ఎవరో రుజువు చేసుకోమంటోంది. ఈ రెండు వైఖరులూ ఒకే ప్రభుత్వానివి కావడంలోని వైరుధ్యాన్ని అర్థం చేసుకోవాలంటే వంశచరిత్ర అనే వ్యవహారం ఏ కాగితాల మీద నిలబడి ఉందో చూడాలి.

బానిసత్వం రద్దయ్యాక వలస సామ్రాజ్యాల చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. 1834 నుంచి మారిషస్‌కు, 1845 నుంచి ట్రినిడాడ్‌కు, 1860 నుంచి నటాల్‌కు, 1873 నుంచి సురినామ్‌కు, 1879 నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలను ఓడల్లో తరలించారు. ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. నటాల్‌కు 1911 నాటికి 1,52,184 మంది చేరారు, ఫిజీకి 1916 నాటికి 60,965 మంది ఓడెక్కారు. ఇంత కచ్చితమైన లెక్కలు మిగిలి ఉండటానికి కారణం ప్రతి మనిషికీ ఒక సంఖ్య, ఒక పాసు ఉండటమే. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా లేదా ఠాణా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు అన్నీ అందులో రాశారు. మారిషస్‌లో 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు.

ఆ వివరాలను మనవళ్ల కోసం ఎవరూ రాయలేదు. కూలీ తోట నుంచి పారిపోతే పట్టుకోవడానికి, ఒప్పందం ముగిసేదాకా అదుపులో ఉంచడానికి రాశారు. నిఘా కోసం పుట్టిన ఆ రికార్డే కాలక్రమంలో వంశావళిగా మారింది. మారిషస్‌లోని మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ రిజిస్టర్లను భద్రపరిచింది. సురినామ్ వలసదారుల వివరాలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్‌లలోని ఒప్పంద కూలీల రికార్డులను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వీటి ఆధారంగానే ట్రినిడాడ్ మాజీ ప్రధాని బాస్‌దేవ్ పాండే వంటి నేతలు మొదలుకొని సాధారణ ఉద్యోగుల వరకూ ఎందరో ఉత్తరప్రదేశ్, బిహార్ గ్రామాలలో తమ మూలాలను వెతుక్కున్నారు. నాలుగైదు తరాల కిందట వేలువిడిచిన చుట్టాలను గుర్తుపట్టి కౌగిలించుకున్నారు.

ఆ కౌగిలింతల వెనుక ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఓడెక్కిన అన్న పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రికార్డులో ఉన్నాయి. ఊళ్లోనే ఉండిపోయిన తమ్ముడి పేరు చాలా సందర్భాలలో ఎక్కడా లేదు. భూమి ఉన్నవాడి పేరు సెటిల్‌మెంట్ దస్తావేజుల్లోకి ఎక్కింది. జమీందారుకూ కరణానికీ వంశావళి రాసిపెట్టేవారు ఉండేవారు. హరిద్వార్, గయల్లో పండాల బహీలు తీర్థయాత్రకు వెళ్లగలిగిన కుటుంబాల పేర్లను తరతరాలుగా మోశాయి. తెలుగునాట కూడా భట్రాజులు, నేడు వంశరాజ్‌లుగా పిలుచుకుంటున్న పిచ్చిగుంట్లవారు దాత కుటుంబాల గోత్రాలనూ వంశాలనూ గానం చేసి బతికారు. సొంత సెంటు భూమి లేని కూలీ వంశాన్ని పాడటానికి ఎవరూ రాలేదు. జనన మరణాల నమోదుకు దేశవ్యాప్తమైన చట్టం 1969లో గాని రాలేదు. ఆ తరువాత కూడా పల్లెల్లో, మంత్రసాని చేతుల మీద జరిగిన ఎన్నో కాన్పులు రిజిస్టరుకెక్కలేదు.

అందువల్ల విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. భారతీయుడినని కాగితంతో నిరూపించుకోవలసి వస్తే, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పుట్టి పెరిగిన అయిదో తరం మనిషి దగ్గర ఉన్నపాటి ఆధారం బక్సర్‌లో వ్యవసాయ కూలీగా ఉన్న అతని దాయాది దగ్గర ఉండకపోవచ్చు.

తెలుగువారి అనుభవం ఈ కాగితాల పరిమితిని కూడా చూపుతుంది. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరినదే. నటాల్‌కు వెళ్లినవారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు గుండానే వెళ్లారు. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో గణనీయంగా ఉన్నారు. తెలుగు కుటుంబానికి ఆనవాలు ఇంటిపేరు. ఆ ఫారంలో ఇంటిపేరుకు గడి లేదు. ఉన్నవల్లా పేరు, తండ్రి పేరు, కులం మాత్రమే. కాలక్రమంలో నాయుడు, రెడ్డి అనే కులసూచకాలే కుటుంబనామాలుగా స్థిరపడ్డాయి. ఇవాళ దక్షిణాఫ్రికాలో వేలాది నాయుడు కుటుంబాలున్నాయి. వారిలో ఎవరు ఎవరికి చుట్టమో పేరును బట్టి చెప్పడం అసాధ్యం. గుమస్తా రాయని ఒక్క మాట వల్ల ఒక జాతి బంధుత్వ సూత్రమే తెగిపోయింది. రికార్డులో లేనంత మాత్రాన ఆ ఇంటిపేరు లేకుండా పోయిందా? లేదు. రాసినవాడు అడగలేదు, అంతే. ప్రభుత్వ రికార్డుల మీద ఆధారపడి మనుషుల పుట్టుకను తేల్చాలనుకునే ప్రతి అధికారీ మొదట నేర్చుకోవలసిన పాఠం ఇది.

ఆ పాఠం నేర్చుకోకపోతే ఏమవుతుందో అస్సాం చూపించింది. జాతీయ పౌర రిజిస్టరు నవీకరణలో ప్రతి దరఖాస్తుదారూ 1951 రిజిస్టరులో గాని, 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందరి ఓటర్ల జాబితాల్లోనో ఇతర ఆమోదిత పత్రాల్లోనో గాని తన పూర్వికుడి పేరు వెతికి, అతనితో తనకున్న బంధుత్వాన్ని రుజువు చేయాలి. ఆపై వంశవృక్షం గీసి ఇవ్వాలి. ఒకే తాత పేరు చెప్పుకున్నవారందరి వృక్షాలనూ పోల్చి చూశారు. ఒకరి వృక్షంలో ఉన్న పేరు మరొకరి వృక్షంలో లేకపోతే విచారణకు పిలిచారు. మూడు కోట్ల మందికి పైగా పాల్గొన్న ఈ కసరత్తులో జనం దూరపు బంధువులను వెతకవలసి వచ్చింది. వారిని వెతికించింది మమకారం కాదు, భయం. ఎప్పుడో తగాదాపడి విడిపోయిన దాయాది, రెండో పెళ్లి సంతానాన్ని లెక్కలోకి తీసుకోని పెదనాన్న, వలసపోయి ఆచూకీ లేని మేనత్త ఒక మనిషి పౌరసత్వాన్ని నిర్ణయించే సాక్షులయ్యారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ స్త్రీలకు తగిలింది. చిన్నతనంలోనే పెళ్లయి, బడి ముఖం చూడని స్త్రీ పేరు మొదటిసారి ఓటర్ల జాబితాలోకి ఎక్కేది భర్త పేరుతోనే. ఆమెను తండ్రితో కలిపే కాగితం ఉండదు. లక్షలాది స్త్రీలు పంచాయతీ ధ్రువపత్రాలను ఆశ్రయించారు. అవి చెల్లవని 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు తీర్పు ఇస్తే, తగిన పరిశీలనకు లోబడి వాటిని స్వీకరించవచ్చని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 2019 ఆగస్టు 31న వెలువడిన తుది జాబితాలో 19,06,657 మందికి చోటు దక్కలేదు. ఒకే కుటుంబంలో తండ్రి లోపల, కూతురు బయట ఉన్న ఉదంతాలు వెలుగుచూశాయి.

దేశంలో పౌరులెవరో తెలుసుకోవడం ప్రభుత్వ బాధ్యత కాదా, ఓటర్ల జాబితాలో చనిపోయినవారి పేర్లు, రెండు చోట్ల నమోదైన పేర్లు తొలగించవద్దా అని అడిగేవారున్నారు. అడగదగిన ప్రశ్నే. బిహార్‌లో 2025 ఆగస్టు 1 నాటి ముసాయిదాలో లేని 65 లక్షల పేర్లలో చనిపోయినవారూ, శాశ్వతంగా వలసపోయినవారూ ఉన్నారని సంఘం చెప్పింది. 2003 జాబితాలో తల్లిదండ్రుల పేర్లుంటే వారి ఆధారంగా ఆ నకలు చాలునన్న వెసులుబాటు కూడా ఇచ్చింది. ఆధార్‌ను గుర్తింపు పత్రంగా స్వీకరించాలని సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక మరికొంత ఊరట దక్కింది. అయితే జాబితాను శుభ్రం చేయడం ఒకటి, వంశాన్ని రుజువు చేయమనడం మరొకటి. మొదటిది ప్రభుత్వం తన రికార్డును తాను సరిదిద్దుకోవడం. రెండోది తన రికార్డులో ఉన్న లోటుకు పౌరుడిని శిక్షించడం. విదేశీయుడు కాదని నిరూపించుకునే భారాన్ని 1946 నాటి విదేశీయుల చట్టం ఆరోపణకు గురైనవారి నెత్తినే పెట్టింది. 2025లో దాని స్థానంలో వచ్చిన చట్టమూ ఆ భారాన్ని దించలేదు.

నిజానికి ఈ సమస్యకు పరిష్కారం ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. 2017 జనవరిలో బెంగళూరు ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని ఒక మాట ఇచ్చారు. గిర్మిటియాల వారసులు కావలసిన పత్రాలు చూపలేక ఓసీఐకి దూరమవుతున్నారని, మారిషస్‌తో మొదలుపెట్టి వారి కోసం పత్రాల నిబంధనలనే మారుస్తామని చెప్పారు. 2023 జూన్‌లో సురినామ్‌కు ఆరో తరం వరకూ, 2024 మార్చిలో మారిషస్‌కు ఏడో తరం వరకూ అర్హత పెంచుతున్నట్లు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రకటించారు. మంచి నిర్ణయాలే. పేద కూలీ వంశానికి పూర్తి పత్రాలు ఉండవని, ఆ లోటు వారి తప్పు కాదని ప్రభుత్వం వాటి ద్వారా అంగీకరించింది. ఓటు హక్కు కూడా లేని ఓసీఐ విషయంలో అంగీకరించిన సూత్రాన్ని ఓటు హక్కు ఉన్న పౌరుడి విషయంలో ఎందుకు అంగీకరించరన్నదే ప్రశ్న.

చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ వలస పత్రాలు, జిల్లా రికార్డు గదుల్లో చెదలు తింటున్న భూమి, జనన రిజిస్టర్లు, పాత ఓటర్ల జాబితాలు అన్నిటినీ పేరుతో, ఊరితో ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా తెరవాలి. దేశంలో ఉన్నవారికీ విదేశాల్లో ఉన్నవారికీ ఆ తలుపు ఒకేలా తెరుచుకోవాలి. ప్రభుత్వం ఇవ్వని పత్రాన్ని పౌరుడి నుంచి అడగకూడదు. పేరు అక్షరక్రమంలో తేడా వస్తే, ఇంటిపేరు తారుమారైతే, పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య లంకె తెగితే దాన్ని సరిచేసే బాధ్యత రాసిన ప్రభుత్వానిదే కావాలి. ఊరి పెద్దల మాటను, ఇరుగుపొరుగు వాంగ్మూలాన్ని మౌఖిక సాక్ష్యంగా గౌరవించాలి. ట్రినిడాడ్ నుంచి వచ్చిన మనుమడికి ఊళ్లో ముసలివాళ్లు ఇదే మీ తాత ఇల్లు అని చూపిస్తే ఆనందించే అధికారులు, అదే ముసలివాళ్లు ఈ పిల్ల ఫలానా వారి కూతురని చెబితే నమ్మడానికి అభ్యంతరం ఏముంటుంది?

పెళ్లి సంబంధానికి అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలంటారు. రాజ్యాంగం ఆ పద్ధతిని ఎంచుకోలేదు. 1950 నాటి గణతంత్రం ఈ గడ్డ మీద పుట్టి ఇక్కడే నివసిస్తున్న మనిషిని వంశం అడగకుండానే పౌరుడిగా స్వీకరించింది. 1987, 2004లలో అమలులోకి వచ్చిన సవరణలు పుట్టుకకు తల్లిదండ్రులను ముడిపెట్టి ఆ తలుపును మెల్లమెల్లగా మూశాయి. తాత ఎవరో తెలుసుకోవాలన్న కోరిక మనిషికి సహజం. ఆ కోరికకు ప్రభుత్వం తన బీరువాల తాళాలు తీసి సాయం చేయాలి. తాత ఎవరో చెప్పలేని మనిషిని పరాయివాడిగా లెక్కకట్టే అధికారం మాత్రం ఏ బీరువాకూ ఉండకూడదు.