చెత్త చేప ఎవరికి చెత్త?

మా కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో చేపల చెరువు పట్టుబడి అంటే తెల్లవారుజామున మూడింటికే మొదలు. చలిలో నీళ్లలో దిగి వల లాగేది కూలీలు. బొచ్చె, శీలావతి ఏరి, తూకం వేసి, ట్రేల్లో ఐసు కొట్టి లారీకెక్కించేదీ వాళ్లే. ఆ పెద్ద చేపలతో పాటు వలలో పడిన పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, ఇంగిలాయిలు, జిలేబీలు గట్టున ఒక పక్క కుప్ప పడతాయి. యజమానుల భాషలో దాని పేరు 'చెత్త చేప'.

మొన్న చలికాలంలో ఒక గట్టు మీద కళ్లారా చూసిన సంగతి చెబుతాను. పట్టుబడి అయిపోయింది. కూలికొచ్చిన ఒక అక్క ఆ కుప్పలోంచి నాలుగు గుప్పెళ్ల పరిగెలు కొంగులో పోసుకుంది. కాపలా మనిషి వచ్చి కొంగు విప్పించి మళ్లీ కుప్పలో పోయించాడు. "చెత్తే గదయ్యా!" అందామె. "చెత్తయినా అయ్యగారి చెత్త" అన్నాడు. అన్నవాడూ మనలాంటి కూలివాడే, అది వేరే బాధ. మధ్యాహ్నానికి వ్యాను వచ్చి కుప్ప మొత్తం మేతకని ఎత్తుకుపోయింది. ఎక్కడికని అడిగితే ఒకరు కోళ్ల దాణా అన్నారు, ఇంకొకరు క్యాట్‌ఫిష్ చెరువులకన్నారు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. నిషేధించిన చేపకు మేత దొరుకుతుంది గాని, వల లాగిన మనిషికి కూర దొరకదన్నమాట.

ఒకప్పుడు ఇలా లేదు. కోత కోసిన చేలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని పరిగె ఏరుకోవడమన్నారు మన పెద్దలు. చిన్న చేపనూ పరిగె అనే అన్నారు. రెండు మాటలకూ చుట్టరికం ఉందో లేదో పండితులు చెప్పాలి. నాకు తెలిసింది మాత్రం, మా చిన్నతనంలో ఆ రెండూ కూలోళ్లవే. చేలో పరిగెను కోతమిషను తినేసింది. చెరువులో పరిగెను వ్యాను తింటున్నది.

అసలు చెత్త అన్న ముద్ర ఎవరు వేస్తారు? ఈ మధ్య అమెరికా వాళ్ల సంగతి ఒకటి చదివాను. అక్కడ రాత్రిపూట పడవల మీద పెద్ద దీపాలు పెట్టుకుని విల్లంబులతో చేపలు కొట్టడం ఒక వేడుక. కొట్టేది ఎక్కువగా వాళ్లు 'రఫ్ ఫిష్' అనే వాటిని. అంటే మోటు చేప, పనికిరాని చేప అని. అందులో ముఖ్యమైనది కామన్ కార్ప్. మన బజారులో 'బంగారుతీగ' అని అమ్ముతారే, అదే! 1877లో దాన్ని ఐరోపా నుంచి తెప్పించి, మంచి తిండి అని ఊరూరా పంచిపెట్టింది అక్కడి ప్రభుత్వమే. తర్వాత సరదాగా గాలం వేసే కలవారికి నచ్చక అది చెత్తలో చేరింది. బాణం దిగిన చేపను తిరిగి నీళ్లలో వదిలినా చాలావరకు బతకదు. కొట్టి కొట్టి గట్ల మీద పారేసిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ మోటు చేపల జాబితాలోనే ఉన్న 'బఫెలో' అనే చేప చెవిరాయిని పరీక్షించి, అది 112 ఏళ్లు బతికిందని 2019లో శాస్త్రజ్ఞులు తేల్చారు. నూరేళ్లు పైబడిన ప్రాణి ఒక రాత్రి సరదాకు చెత్తయిపోయింది. అక్కడా బుద్ధిమంతులు లేకపోలేదు. సన్న ముళ్లు కరిగేలా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి వేయించుకునేవాళ్లు, పొగబెట్టి నిలవ చేసుకునేవాళ్లు, మిగిలింది తోటకు ఎరువుగా వేసుకునేవాళ్లు ఉన్నారు.

చెరువు వేసిన రైతు వైపు వాదన కూడా వినాలి. చిల్లర చేపలు పిల్ల చేపల మేతనూ ప్రాణవాయువునూ పంచుకుంటాయి. మట్టగిడసల్లాంటివి పిల్లల్నే మింగుతాయి. నిజమే. అందుకే పిల్లలు వదిలే ముందు హెక్టారుకు రెండు, రెండున్నర టన్నుల ఇప్పపిండి వేసి వాటిని చంపుతారు. అలా తేలిన చేపను వెంటనే ఏరి తినవచ్చని మత్స్యశాస్త్ర పుస్తకాలు చెబుతున్నాయి. పిండి విషం రెండు మూడు వారాల్లో విరిగి చెరువుకు ఎరువవుతుంది. బ్లీచింగుతోనో, పురుగుమందుతోనో చచ్చిన చేప సంగతి అది కాదు. దాన్ని ఎంత ఆకలైనా మనం ముట్టరాదు. మనవాళ్ల తప్పూ ఇక్కడే చెప్పాలి. మురుగుకాలువల్లో మందు కలపడం, కరెంటు తీగె వేసి పట్టడం కొన్నిచోట్ల జరుగుతోంది. నీళ్లలో మందు కలిపి చేపలు చంపడం 1897 చట్టం నాటి నుంచీ నేరం. కరెంటుకు చేప కన్నా ముందు మనిషే పోవచ్చు.

ఇక ఆ 'చెత్త' విలువెంతో చూడండి. బంగ్లాదేశ్‌లో పెద్ద చేపల చెరువుల్లోనే 'మోలా' అనే వేలెడంత చేపను కలిపి పెంచారు. అందులో ఏ విటమిను పెద్ద చేపల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని తేల్చిన శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ సత్తువ ఎక్కువగా కంట్లోనూ పొట్టలోనూ ఉంటుంది. తల గిల్లి పారేస్తే సగం పోయినట్టే. ముల్లుతో నమిలి తినే చేపలో సున్నం ఉంటుంది, పెద్ద చేప ముల్లు మనం ఊసేస్తాం. రక్తం లేక పాలిపోయిన ఆడకూలీకి, గర్భిణికి, బడిపిల్లకు ఇంతకన్నా దగ్గర్లో ఉన్న మందేది?

వండడం మన ఆడవాళ్లకు నేను నేర్పనక్కర్లేదు. బండ మీద కళ్లుప్పు వేసి రుద్ది, చింతచిగురుతోనో మామిడికాయతోనో పులుసు పెడితే పూటకు రెండు ముద్దలు ఎక్కువే పోతుంది. ఎండబెట్టే చోట మాత్రం ఒక మాట. ఇసకలో, రోడ్డు మీద ఆరబోయకండి. నాలుగు పాళ్ల చేపకు ఒక పాలు ఉప్పు పట్టించి, నాలుగు కర్రలు పాతి, నడుమెత్తున పాత వల బిగించి దానిమీద ఆరబెట్టండి. మట్టి అంటదు, గాలి కిందనుంచీ తగిలి త్వరగా ఆరుతుంది. ఈగ ముసురుతోందని పురుగుమందు చల్లే దరిద్రపు అలవాటు కొందరు వ్యాపారులకుంది. అది మనం తినే విషం. తినడానికి పనికిరాని ముక్కల్ని, పేగుల్ని పారేయకుండా సమానంగా బెల్లం కలిపి మూత పెట్టి మూడు నాలుగు వారాలు మాగబెడితే మీనామృతం. వడగట్టి లీటరు నీటికి నాలుగైదు మిల్లీలీటర్లు కలిపి కూరపాదుల మీద కొట్టుకోవచ్చు.

అయితే జాగ్రత్త. చేపలిస్తాం గదా అని డబ్బు కూలిలో కోత పెట్టే యజమాని రేపే తయారవుతాడు. పాలేర్ల కాలంలో తాలు గింజలు కొలిచి జీతం చెల్లినట్టు రాసుకున్నవాళ్ల మనవలే వీళ్లు. చేప కూలికి బదులు కాదు, కూలికి పైన. రెండోది, ఊరుమ్మడి చెరువుల్లో హక్కు మత్స్యకార సొసైటీలది. అక్కడ వాళ్లతో తగవు పెట్టుకుంటే నవ్వేది కాంట్రాక్టరే. తెలంగాణలో కొన్ని ఊళ్లలో సొసైటీ వేట ముగిశాక చివరి రోజున ఊరంతా చెరువులో దిగే పద్ధతి ఉంది. అలాంటిది మాట్లాడుకుని చేసుకోవాలి గాని బలంతో కాదు.

ఈ సీజను కూలి రేట్లు మాట్లాడేటప్పుడు మా ముఠాలు కాగితం మీద రెండో వరుసలోనే ఒక మాట రాయించబోతున్నాయి. వల లాగిన ప్రతి మనిషికీ, ఐసు కొట్టిన ప్రతి ఆడమనిషికీ, కూలి డబ్బుకు పైన రెండు కిలోల చిల్లర చేప, కుప్పలోంచి వాళ్ల చేత్తో వాళ్లు ఏరుకునేది. ఆ అక్క 'రెండు కాదు, మూడు అడగండి, వాళ్లెలాగూ ఒకటి తగ్గిస్తారు' అంటోంది. ఆమె మాటే రాస్తున్నాం.