అవ్వ బీపీ చూశారు, గడ్డ సంగతి అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో క్యాన్సర్ ప్రశ్నలే లేవని కొందరు అంటుంటారు. ఉన్నాయి. అడగాల్సిన వాళ్లను అడగడం లేదు, అదీ నా ఫిర్యాదు. 2019-21 నాటి ఐదో విడతలో 'మీకు ఇప్పుడు క్యాన్సర్ ఉందా', 'నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా' అని అడిగింది 49 ఏళ్లు దాటని ఆడవాళ్లను, 54 దాటని మగవాళ్లను. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆ వయసు దాటినాకే కదా! పైగా అదే సర్వే అదే ఇంట్లో పదిహేనేళ్లు నిండిన వాళ్లందరికీ బీపీ చూసింది, వేలు గుచ్చి షుగరు చూసింది, పొగాకు అలవాటు రాసుకుంది. అరవై ఐదేళ్ల అవ్వ చెయ్యి చాపి పట్టీ కట్టించుకుంది. ఆకూవక్కా పొగాకూ నమిలే ఆ నోట్లో మానని పుండేమైనా ఉందా అని అడిగే ప్రశ్న మాత్రం సిబ్బంది ట్యాబ్‌లో లేదు.

గత మూడేళ్లలో ఇంట్లో ఎవరైనా పోయారా, ఆ మరణం రిజిస్టరు చేయించారా అనీ అడుగుతారు. ఏ జబ్బుతో పోయారని కూడా అక్కడే అడిగితే ఎంత సేపు పడుతుంది?

ఆసుపత్రి రికార్డులు చాలవా అంటారేమో. మా చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గర. పొద్దున బస్సు ఎక్కితే ఒళ్లో స్కానింగు కవరు పెట్టుకున్న వాళ్లు కనిపిస్తూనే ఉంటారు. కుప్పం వాళ్లు బెంగళూరు పోతారు, సత్యవేడు వాళ్లకు చెన్నై అడయార్ దగ్గర. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022 మేలో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రీ తెరిచారు. పాత చిత్తూరు జిల్లా రోగులు మూడు రాష్ట్రాల రిజిస్టర్లలో చెదిరిపోయి ఉన్నారు. ఎన్టీఆర్ వైద్య సేవ లెక్కల్లో ఆ పథకం కింద వైద్యం చేయించుకున్న వాళ్లే దొరుకుతారు. ఆవులమ్మి చేతి డబ్బు కట్టినవాళ్లు, అసలు ఆసుపత్రి గడపే తొక్కనివాళ్లు దొరకరు. అందరూ కలిసి లెక్కకు వచ్చేది ఇంటి దగ్గరే.

జిల్లాకు తొమ్మిది వందల చిల్లర ఇళ్లు చూసి క్యాన్సర్ ఎంతమందికుందో చెప్పలేరన్నది నిజమే. అది క్యాన్సర్ రిజిస్ట్రీల పని. కానీ గడ్డ కనిపించిన ఎన్నాళ్లకు జబ్బు తేలింది, ఎంత అప్పయింది, వైద్యం మధ్యలో ఎందుకు మానేశారు అన్నవి రిజిస్ట్రీకి అందవు. దేశమంతటా 6.36 లక్షల ఇళ్లు తిరిగిన సర్వేకు అందుతాయి. 30-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతమేనని బయటపెట్టింది ఈ సర్వేనే. 2030 కల్లా 70 శాతానికి పరీక్ష జరగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళ్లి క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టారు. మంచిదే. కానీ ఎవరి పనికి వాళ్లే మార్కులు వేసుకుంటే ఎట్లా? బయటి సర్వే కూడా చూడాలి.

అడిగినా చెప్పరన్న వాదన ఒకటుంది. పెళ్లి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ పేరు పైకి అనరు, ఒప్పుకుంటాను. అందుకే పేరెత్తకుండా అడగాలి: గడ్డకు ఆపరేషన్ అయిందా, కరెంటు పెట్టించారా, జుట్టు రాలే సూదులు వేశారా అని. ఇంతకంటే చిక్కు ఇంకోటుంది. చాలా ఇళ్లలో జబ్బు సంగతి కొడుక్కీ కోడలికీ తెలుసు, మంచం మీదున్న పెద్దాయనకు తెలియదు. సర్వే పిల్ల ఆయన ముందే అడిగేస్తే ఆ ఇంటికి చేసే అన్యాయం అంతా ఇంతా కాదు. ఎవరిని, ఎక్కడ కూర్చోబెట్టి అడగాలో సిబ్బందికి శిక్షణలోనే నేర్పాలి.

సర్వే నడిపేది ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, పైన కేంద్ర ఆరోగ్య శాఖ. తర్వాతి విడత ప్రశ్నలు ఖరారయ్యేలోపు చిత్తూరు, తిరుపతి ఎంపీలిద్దరూ ఆ శాఖకు ఒక ఉత్తరం రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వయసు పరిమితి తీసేయమనండి, మరణాల దగ్గర జబ్బు పేరు చేర్చమనండి. ఈ రెండూ చాలు.

— ఒక పాఠకుడు, చిత్తూరు